పాకం మేస్త్రి ముక్కు

ఆ బెల్లం గానుగలో పాకం మేస్త్రి ముక్కుకి పెద్ద పేరు. రంగు మందులేవీ కలపని బెల్లమని చెప్పుకోవడమే అక్కడి గొప్ప. మందు వేస్తే మాడిన పాకాన్ని కూడా బంగారంలా మెరిపించొచ్చు. అది వెయ్యరు కాబట్టి అంతా మేస్త్రి మీదే నడుస్తుంది. పెనంలో చెరకు రసం చిక్కబడి, వాసన మారీ మారగానే "దించండి" అని కేక వెయ్యాలి. కాస్త ఆలస్యమైతే పెనమంతా చేదు.

అంత పేరున్న ముక్కు నిరుడు జ్వరంలో చచ్చిపోయింది. వాసన లేదు, రుచి అసలే లేదు. ఈ సంగతి తెలిసింది కూతురొక్కదానికే. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే వంకతో ఆమె పెనం పక్కనే ఉండి, వాసన మారగానే దగ్గేది. ఆయన కేక వేసేవాడు. మెచ్చుకోళ్ళన్నీ ఆయనకి, దగ్గుకి చిట్కాలన్నీ ఈమెకి.

"ఈ ఏడు షావుకారుకి చెప్పేస్తానమ్మా. నా తర్వాత పెనం నీదే" అని తండ్రి మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే ఆమె పొగలో కళ్ళు మండించుకుంటూ నెట్టుకొచ్చింది.

ఆ రోజు సరుకు చూడటానికి వర్తకులు వచ్చారు. గానుగ సొంతదారైన షావుకారు, మేస్త్రి భుజం మీద చెయ్యేసి, "మా దగ్గర యంత్రాలేం లేవండి. ఇదిగో, ఈ ముక్కే" అని చెప్పి, లెక్కలు చూడటానికి లోపలికెళ్ళాడు. వర్తకుల్లో ఒకాయన పొయ్యి దగ్గరున్న కూతుర్ని చూసి అడిగాడు.

"ఈ అమ్మాయి కూడా పాకం నేర్చుకుంటోందా?"

ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ దొరుకుతుందా? ఆమె ఊపిరి బిగబట్టి తండ్రి వైపు చూసింది.

"దీనికేం తెలుసండీ, పిప్పి ఎగదోస్తుంది" అని నవ్వేశాడాయన.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అయినా పాకం ఏం చేసింది పాపం? వాసన మారగానే దగ్గింది. మళ్ళీ దగ్గింది. నలుగురి ముందు కూతురి దగ్గు కోసం కాచుకోవడం నామోషీ అనిపించిందో ఏమో, ఆయన తెడ్డుతో పాకం ఎత్తి చూపిస్తూ వర్తకులకి గొప్పలు చెబుతూనే ఉన్నాడు. ఆ ఆవిరిలో వాళ్ళకి అన్నీ కమ్మగానే ఉన్నాయి. చివరికి "మాడుతోందయ్యా" అంటూ లోపల్నుంచి షావుకారే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"ఇదేనండీ. పక్కన చేరి ఒకటే దగ్గు. నా ధ్యాసంతా చెడగొట్టింది. రేపట్నుంచి దీన్ని రానివ్వను."

ఆమె గోడవారన ఆరబెట్టిన నిన్నటి బెల్లం అచ్చుల్లోంచి ఒక ముక్క విరిచి, గుప్పిట్లో దాచి, పెనం అంచున గడ్డకట్టిన మాడు గీకినట్టు చేసి తెచ్చింది.

"నోరు తెరువు నాన్నా. ఎంత మాడిందో చెప్పు."

సగం ఆయన నోట్లో పెట్టింది. ఆయన చప్పరించి మొహం వికారంగా పెట్టాడు.

"చేదు విషం. పశువులు కూడా ముట్టవు."

మిగతా సగం షావుకారు చేతిలో పెట్టింది. ఆయన నోట్లో వేసుకుని నమిలాడు. నమలడం ఆపి మేస్త్రి వైపు చూశాడు.

"ఇది నిన్నటి బెల్లం కదయ్యా" అన్నాడు మెల్లగా. "తియ్యగా ఉంది."

తండ్రి ఆ ముక్కని ఉమ్మలేక, మింగలేక నిలబడిపోయాడు. గెలిచానన్న సంతోషం ఆమెకి గోరంతైనా కలగలేదు. అయినా తలెత్తి షావుకారు ఏదైనా అడుగుతాడేమోనని చూసింది. ఇన్నాళ్ళూ ఆ పాకం దింపించింది ఎవరని ఆయన అడగలేదు. వేరే మేస్త్రి కోసం మనిషిని పంపమని పనివాళ్ళకి చెప్పి, వర్తకుల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.