రెండు వేళ్ల సందు

మార్చి పద్నాలుగు. ఆ సాయంత్రం మేం తిన్నవి ఉడకబెట్టిన గుడ్లు, కొంచెం మాడిన రొట్టె. మాడిన ముక్క నా పళ్లెంలో వేసుకుని, బాగున్నది అమ్మాయికి పెట్టాను. అది పళ్లేలు రెండూ అటూ ఇటూ మార్చేసింది. గుడ్డు వలుస్తూ, పెంకు ముక్కల్ని పళ్లెం అంచున గోడలా పేర్చుకుంటూ, "డ్రాయింగ్ మాస్టారు నా బొమ్మలన్నీ వెనక్కిచ్చేశారు నాన్నా" అంది.

"ఏమన్నారు?"

"గాలిమేడలన్నారు."

మా అమ్మాయిని ఇంట్లో చీమ అంటాం. వాళ్లమ్మ పెట్టిన పేరు. చిన్నప్పుడు ఎక్కడికెళ్లినా ఏదో ఒకటి ఇంటికి మోసుకొచ్చేది. చెప్పుల డబ్బా, ఐస్‌క్రీం పుల్లలు, విరిగిన గొడుగు ఊచ. వాటితో ఇళ్లు కట్టేది. పద్దెనిమిదేళ్లొచ్చినా మోత మానలేదు, కట్టడమూ మానలేదు. ఆర్కిటెక్చర్ కాలేజీలో సీటు కావాలంటే మార్కులొక్కటే చాలవు. స్వయంగా గీసినవీ చేసినవీ ఒక పోర్ట్‌ఫోలియోగా కూర్చి, ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దల ముందు పెట్టాలి. కిందటేడు పెట్టింది. రాలేదు. ఈ ఏడు కూడా రాకపోతే మా వీధి చివరి కాలేజీలో అకౌంట్లు చదువుతానని తనంతట తనే అంది. అన్న రోజున ముఖం మామూలుగానే ఉంది గాని, ఆ వారమంతా ఇంట్లోకి ఒక్క అట్టముక్క కూడా రాలేదు.

పోర్ట్‌ఫోలియో తెరిచి చూశాను. నీటి మీద తేలే బడి, మబ్బుల్లోకి మెలికలు తిరిగిన మెట్లు, కొండ కడుపులో లైబ్రరీ. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను కాబట్టి ఆ చివరిది నా కోసమే గీసిందనుకుని లోలోపల మురిసిపోతుండేవాణ్ణి. మాస్టారు ప్రతి కాగితం వెనకా పెన్సిలుతో ఒకే మాట రాశారు: "ఇందులో ఎవరుంటారు?"

"ఉన్న ఇల్లొకటి గీయమన్నారు. బాగా తెలిసిన ఇల్లు. ప్రతి గోడా కొలిచి. అది చూసి గాని మిగతావి నమ్మరట."

"మనింటికి మించి తెలిసిన ఇల్లేముంది?"

"కొలవడానికి టేపేముంది ఇంట్లో?"

ఇద్దరం ఒకేసారి కుట్టుగది వైపు చూశాం.

మా ఆవిడ బట్టలు కుట్టేది. ఆమె పోయి మూడేళ్లు దాటింది. ఆమె గదిలో మిషను, కిటికీ కింద స్టూలు, గదంతా ఆక్రమించిన కటింగ్ బల్ల అలాగే ఉన్నాయి. ఆ బల్ల గదికి పెద్దదైపోయింది. దాని మూల తలుపుకి అడ్డం రావడంతో తలుపు ఏనాడూ పూర్తిగా మూతపడలేదు. "మూసుకుని చేసే పని కాదులే" అనేది ఆవిడ. తెరిచిన తలుపులోంచి వెలుతురు హాల్లోకి ఒక చాప పరిచినట్టు పడేది. నేను ఆ చాప మీద కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. ఇప్పుడా బల్ల మీద చీమ గీసుకుంటుంది. వెలుతురు ఆగిపోలేదు. అంతమాత్రం దయ ఇంకా ఉంది మా మీద.

మిషను సొరుగులో టేపు దొరికింది. పసుపురంగు గుడ్డ టేపు, అంచులు మెత్తబడి, అంకెలు సగం చెరిగి. మా ఇంట్లో కొలిచే వస్తువంటే అదొక్కటే. స్టీలు టేపు కొనాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. బట్టలు కుట్టే ఇల్లు మరి.

మర్నాడు సెలవు పెట్టాను. మధ్యాహ్నమంతా టేపు ఒక కొస నేను పట్టుకుని గోడకి ఆనించి నిలబడితే, రెండో కొస పట్టుకుని చీమ గదుల్లోకి మాయమయ్యేది. సున్నం గోడ చెంపకి చల్లగా తగిలేది. పరదా ఊపిరి తీస్తున్నట్టు లోపలికీ బయటికీ కదిలేది. ఎక్కడో కొళాయి చుక్క పడుతోంది, పడడం మరిచిపోతోంది, మళ్లీ గుర్తొచ్చి పడుతోంది. టేపు నా వేళ్ల మధ్య చిన్నగా బిగిసేది, సడలేది. అవతలి కొస కనిపించదు. కళ్లు మూతలు పడుతుంటే, అటువైపున్నది ఎవరో ఒక్క క్షణం తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. బిగిసినప్పుడల్లా "ఊఁ" అన్నాను.

"ఊఁ కాదు నాన్నా, గట్టిగా పట్టుకో!"

మాలాగే పైవాటాలో మా అక్క అద్దెకుంటుంది. మెట్లు దిగి వచ్చి, నడుం మీద చేతులు వేసుకుని చూసింది.

"ఏరా, గోడలకి చొక్కాలు కుడుతున్నారా తండ్రీకూతుళ్లు?"

"కుడుతున్నాం అక్కా. నీ వాటాకి కూడా ఒకటి కావాలా?"

"మా గోడలు లావురా. నీ టేపు చాలదు" అని, వెళ్తూ వెళ్తూ చీమ జడలో ఇరుక్కున్న సాలెగూడు తీసి పడేసింది.

రెండ్రోజులు చీమ గీసింది. తలుపు తెరుచుకునే మేర ఒక్కో విల్లులా వంచి గీసింది. కుట్టుగది తలుపు విల్లు మాత్రం సగంలో బల్ల మూలకి తగిలి ఆగిపోయింది. అది చూస్తే నాకు నవ్వొచ్చింది. కాగితం మీద మా ఇల్లు ఎవరో నిద్రపోతుంటే పైనుంచి చూసినట్టుంది.

చిక్కు నేలపలకల దగ్గరొచ్చింది. హాలుకి అడ్డంగా పది పలకలు, ఎక్కడా కోసి అతికించిన ముక్క లేదు. ఒక పలకని బడి స్కేలుతో కొలిచింది. సరిగ్గా అడుగు. పదీ గీయబోతే, పదోది గోడలోకి దూరిపోయింది.

చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ దూరింది. కాగితం మారింది. పలక మారలేదు.

"ఇల్లు చిన్నదైపోతోంది నాన్నా" అంది నెమ్మదిగా. "పలకలు సరి, గోడలు సరి. రెండూ కలిపితే తప్పు. నాకు ఇంతమాత్రం కూడా రాదా?"

టేపు చుట్ట చుడుతూ కూర్చున్నాను. చుట్టిన టేపు విప్పి ఊరికే చీమ స్కేలు పక్కన పరిచాను. స్కేలు పన్నెండో అంగుళం దగ్గర ఆగింది. టేపు పన్నెండో అంకె అక్కడికి రాలేదు. కాస్త ముందుకెళ్లి నిలబడి ఉంది. చీమ వంగి చూసింది. ఇద్దరి తలలూ ఠక్కున తగిలాయి.

"సాగిపోయింది" అంది.

ఏళ్ల తరబడి మెడలో వేలాడి, నడుముల చుట్టూ బిగిసి, గుడ్డ టేపు తనకి తెలియకుండానే పొడుగైంది. దానితో కొలిస్తే ఏదైనా ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది.

మాస్టారికి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"గుడ్డ టేపుతో ఇల్లు కొలిచావా తల్లీ?" ఆయన నవ్వాపుకోవడం వినిపిస్తూనే ఉంది. "పోనీలే, స్టీలుది తెచ్చి మళ్లీ కొలువు. పూటలో అయిపోతుంది. ఎల్లుండి ఇంటర్వ్యూ, మర్చిపోకు."

నేను చొక్కా తొడుక్కున్నాను, షాపుకెళ్దామని. అప్పుడే అక్క కిందికొచ్చింది. సంగతంతా విని బుగ్గ నొక్కుకుంది.

"సాగిన టేపా? ఇన్నేళ్లూ దానితోనే కుట్టిందా మరదలు? మరి నా బట్టలొక్కటీ బిగుతవలేదే! కుట్టినరోజున ఎంత సుఖంగా పట్టాయో! ఇప్పుడు పట్టట్లేదంటే లావైంది నేను, బట్టల తప్పేం లేదు."

"ఎలా కుదిరింది మరి?" అన్నాను.

చీమ కుర్చీలోంచి లేచింది. అట్టముక్క దొరికినప్పుడు చిన్నతనంలో దాని ముఖం అలాగే వెలిగేది.

"అత్తని కొలిచింది ఈ టేపుతోనే. గుడ్డ మీద గీసిందీ ఈ టేపుతోనే. రెండూ ఒకటే కదా! తప్పు టేపుది కాదు నాన్నా. నేను పలకల దగ్గర స్కేలు పట్టుకున్నాను చూడు, అదే తప్పు. మధ్యలో కొలిచే మనిషిని మార్చినట్టు."

"అంటే?"

"పలకలు కూడా దీనితోనే కొలుస్తాను."

"చూడు చీమా" అన్నాను, గుమ్మంలో ఒక చెప్పు వేసుకుని. "వాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లు. తప్పు కొలత కనబడితే కారణం అడుగుతారో లేదో. కిందటేడు ఏమైందో తెలుసు కదా. షాపు దగ్గరే. పది నిమిషాల్లో వస్తాను."

"స్టీలుతో కొలిస్తే అది ఓనరు ఇల్లవుతుంది. ఇది మనిల్లు."

"మనిల్లే అనుకో. సీటో?"

చీమ ప్లాను ముందుకి లాక్కుని, కుట్టుగది మీద వేలు పెట్టింది. తర్వాత ట్రేసింగ్ కాగితం మీద కటింగ్ బల్లంత ముక్క కత్తిరించి, ప్లాను మీద అటూ ఇటూ జరిపింది. అడ్డంగా ఉన్న బల్లని నిలువుగా తిప్పింది.

"నాన్నా, బల్ల ఇలా తిప్పితే తలుపు పడుతుంది. గోడకీ బల్లకీ మధ్య రెండు వేళ్ల సందు మిగులుతుంది."

"ఇన్నేళ్లుగా పడని తలుపే అది!"

"నా బొమ్మ అబద్ధమైతే బల్ల గోడకి తగులుతుంది. అప్పుడు నువ్వే షాపుకెళ్దువుగాని. నిజమైతే ఆ చెప్పు విప్పెయ్యాలి."

పందెం లాంటిదే. అయినా నాకు బెదురుగా ఉంది. ముగ్గురం బల్ల మీద చేయి వేశాం. అక్క "ఒరేయ్, నా నడుం!" అంటూనే మాకంటే గట్టిగా ఎత్తింది. బల్ల కింద నుంచి ఎప్పటిదో చాక్ ముక్క, రెండు గుండీలు, ఒక సూది బయటపడ్డాయి. బల్ల మెల్లగా తిరిగి, నిట్టూర్చినట్టు కిరకిరమని, నిలువునా కూర్చుంది. గోడకి తగల్లేదు. నేను సందులో వేళ్లు పెట్టి చూశాను. చూపుడు వేలు, మధ్య వేలు. మూడోది పట్టలేదు.

చీమ తలుపు తోసింది. అది తన విల్లు మొత్తం తిరిగి, చట్రంలో వచ్చి ఆనింది. మళ్లీ తెరిచింది. ఇల్లంతా మొదటిసారి చూస్తున్నట్టు గుమ్మంలో నిలబడింది. నేను చెప్పు విప్పేశాను.

ప్లాను కింద, అడుగు ఎంతో చూపే రెండు స్కేలు గీతలు గీసింది, ఒకదాని కింద ఒకటి. పైది "స్కేలు ప్రకారం." కిందిది "అమ్మ టేపు ప్రకారం." కిందిది ఒక బియ్యపు గింజ మేర ఎక్కువ పొడుగుంది. గాలిమేడలు కూడా తీసెయ్యలేదు. మాస్టారి ప్రశ్నకి జవాబుగా ప్రతిదాంట్లో ఒక మనిషిని గీసింది. తేలే బడిలో బట్టలారేస్తున్న ఆయా. మబ్బుల మెట్ల మీద నడుం పట్టుకుని కూర్చున్నది మా అక్కే. కొండ లైబ్రరీలో ఒకాయన పుస్తకం ముఖాన బోర్లించుకుని నిద్రపోతున్నాడు.

"నేను నిద్రపోతానా లైబ్రరీలో?"

"వెలుతురు బాగుందని పోతున్నావు."

ఇంటర్వ్యూ నాడు నేను బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాను. చీమ లోపల ఉన్నంతసేపూ ఎదుటి గోడ మీద ఎండ ఒక ఇటుక నుంచి మరో ఇటుకకి పాకింది. లోపలేం జరిగిందో బస్సులో చెప్పింది. కిటికీ పక్క సీటు నాకిచ్చి.

గాలిమేడలు గబగబా తిప్పేశారట. ఇంటి ప్లాను దగ్గర మధ్యలో కూర్చున్నావిడ చెయ్యి ఆగింది. "ఈ రెండో గీతేమిటి?" అన్నారావిడ. చీమ జేబులోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది.

పక్కనున్న ఆయన కళ్లజోడు సవరించుకుని, "కొలత తప్పితే కట్టడం కూలిపోతుందమ్మా" అన్నాడు.

"కొలిచినదానితోనే కడితే కూలదు సార్. కొలిచేది ఒకటీ కట్టేది ఒకటీ అయితే కూలుతుంది. నాకు ముందదే అయ్యింది" అని పలకల సంగతి చెప్పిందట.

ఆవిడ టేపు అందుకుని, తన ముందున్న బల్ల అంచు పొడవునా పరిచి చూసుకుంది. తర్వాత కుట్టుగదిలో చుక్కల గీతతో గీసిన బల్ల మీద వేలు పెట్టింది.

"ఇంతకీ బల్ల తిప్పారా?"

"తిప్పాం మేడం. తలుపు పడుతోంది."

"ఎంత సందు?"

"రెండు వేళ్లు."

"ఎవరి వేళ్లు?"

"మా నాన్నవి."

ముగ్గురూ నవ్వారట. అది చెబుతూ చీమ నవ్వలేదు. "నవ్వితే మంచిదా చెడ్డదా నాన్నా?" అని అడిగింది. దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని, కిటికీలోంచి ఇళ్లు చూస్తూ కూర్చున్నాను. ప్రతి ఇంట్లోనూ మూతపడని తలుపొకటి ఉండే ఉంటుందనిపించింది.

పోస్టులో కవరు కోసం ఎదురుచూడక్కర్లేదు ఈ రోజుల్లో. జాబితా ఫోన్లోనే వస్తుంది. మే నెలలో ఒక సాయంత్రం వచ్చింది. చీమ ఫోను నా చేతికిచ్చి, తను గోడవైపు తిరిగి నిలబడింది. నా కళ్లజోడు వంటింట్లో ఉండిపోయింది. అక్కే లాక్కుని చదివింది. చదివి, చీమ నెత్తిన ఒక మొట్టికాయ వేసి, దాన్ని కావలించుకుని ఏడ్చింది. దాంతో తెలిసింది సీటొచ్చిందని.

ఆ రాత్రి నేను హాల్లో పడుకున్నాను. కుట్టుగదిలోంచి వెలుతురు నా కాళ్ల వరకూ పరుచుకుని ఉంది. చీమ టేపు చుట్ట చుట్టి మిషను సొరుగులో పెట్టడం, కాగితాలు దొంతర పేర్చడం వినిపిస్తున్నాయి. సగం నిద్రలో, టేపు ఒక కొస ఇంకా నా వేళ్ల మధ్య ఉన్నట్టే ఉంది.

గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది.

"మూసెయ్యనా నాన్నా? వెలుతురు కళ్లలో పడుతోందా?"

ఒక్క క్షణం ఆలోచించాను.

"ఊఁ" అన్నాను.

లోపల దీపం ఆర్పి, బయటికొచ్చి, ఆ తలుపుని చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.