వంతెన మీద నడిచిన రోజు

మామగారి చూపు పక్కల నుంచి తరిగిపోతూ వచ్చింది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనిపించేది, అటూ ఇటూ ఉన్నది మాత్రం పొగమంచులో కలిసిపోయేది. టాక్సీ నడిపే మనిషికి అంతకంటే కష్టం ఏముంటుంది? ఒక సాయంత్రం పక్కసందులోంచి వచ్చిన సైకిలును చూసుకోక, వెంట్రుకవాసిలో తప్పించి ఇంటికొచ్చారు. తాళంచెవి బల్లమీద పెట్టేసి మళ్ళీ ముట్టుకోలేదు. తర్వాత కారు అమ్మేశారు.

మీసాలు మొలిచినప్పటి నుంచీ ఆయన ఆ నగరంలో బండి నడిపారు. ఏ సందు ఎక్కడ తేలుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. రైలెక్కేవాళ్ళంటే ఆయనకు చులకన. తోలినచోటికి పోయే మందలాగా అదేం ప్రయాణమని వెక్కిరించేవారు. ఇప్పుడు కంటి ఆసుపత్రి చూస్తే ఊరికి ఆ కొసన ఉంది. కొడుకు పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు. కోడలు ఒక హోటలు లాండ్రీలో, ఆవిరి కక్కే ఇస్త్రీ యంత్రానికి తడి దుప్పట్లు అందించే పని చేస్తుంది. తోటి పనామెతో షిఫ్టు మార్చుకుని, మామగారిని వెంటబెట్టుకుని రైలెక్కింది.

రైల్లో ఆయన కుదురుగా కూర్చోలేదు. స్టేషను దగ్గర పడినప్పుడల్లా లేని బ్రేకు కోసం కుడికాలు నేలకేసి నొక్కేవారు. డ్రైవరు మలుపులో వేగం తగ్గించలేదని కోడలి చెవిలో సణిగారు. ఎదుటి సీట్లో కూర్చున్నావిడ నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. కోడలు కూడా నవ్వేదే గాని, నది దగ్గర పడుతోంది. ఎత్తు అంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ గుండెదడ. నది దాటినంతసేపూ కళ్ళు మూసుకుని కూర్చోవడం అలవాటు.

ఆ రోజు ఎంతకీ అవతలి ఒడ్డు రాలేదు. రైలు వంతెన మీదే ఆగిపోయింది. దీపాలు ఆరిపోయాయి. కాసేపటికి రైలు గార్డు పెట్టె పెట్టెకూ వచ్చి, ఊరంతా కరెంటు పోయిందనీ, ఇప్పట్లో వచ్చేలా లేదనీ, దిగి పక్కదారిన నడిచి ఒడ్డుకు చేరాలనీ చెప్పాడు.

పక్కదారి అంటే ఒక మనిషి పట్టేంత వెడల్పున పరిచిన ఇనుప జాలీ పలకలు. ఒకవైపు రైలు, ఇంకోవైపు నడుమెత్తు కడ్డీ. పలకల కంతల్లోంచి ఎక్కడో కింద నీళ్ళు మెరుస్తున్నాయి. కోడలు తలుపు దగ్గరే కొయ్యబారిపోయింది.

"మీరు వెళ్ళండి మామయ్యా. నా వల్ల కాదు," అంది.

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. అది ఆయనకు ఎదురుగానే ఉంది కాబట్టి బాగానే కనిపించింది.

"కింద ఏముందో, పక్కన ఏముందో నాకు తెలీదమ్మాయ్. ముందున్న దారి ఒక్కటే కనపడుతుంది. ఇక భయమెందుకు? నేను ముందు నడుస్తా. నువ్వు నా చొక్కా పట్టుకుని, నా వీపు చూసుకుంటూ రా."

ఆమె ఆయన చొక్కా గుప్పిట్లో బిగించింది. ఇద్దరూ దిగారు. ముందూ వెనకా జనం బారులు తీరి మెల్లగా కదులుతున్నారు. ఎవరిదో పసిబిడ్డ చేతులు మారుతూ రైలు తలుపుకు ఆనించిన నిచ్చెన దిగింది. నాలుగడుగులు వేశాక గాని ఆ నిశ్శబ్దం ఆమెకు తెలియలేదు. పుట్టిన దగ్గర్నుంచీ చెవుల్లో ఉన్న నగరపు హోరు లేదు. గాలి చప్పుడు, అడుగుల చప్పుడు, అంతే.

నది నడుమకు వచ్చేసరికి ఆయన ఆగారు. పక్కన ఏముందో చెప్పమన్నారు. ఆమె వీపు మీది నుంచి చూపు తిప్పకుండానే నీళ్ళున్నాయంది.

"నీళ్ళున్నాయని నాకూ తెలుసు. ఆ పక్క రోడ్డు వంతెన మీద ఎన్ని వేలసార్లు తిరిగానో. ఒక్కసారీ నదివైపు చూడలేదు. చూసుంటే బండి నదిలోనే ఉండేది. సరిగ్గా చూసి చెప్పమ్మాయ్."

అడిగింది ఆయన. జన్మలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఆమె తల తిప్పింది.

ముందు గొంతు వణికింది. నది రెండు మలుపులు తిరిగి వెండిరేకులా ఎటో పోతోందనీ, ఇసుక పడవలు గోరంత ఉన్నాయనీ చెప్పింది. కప్పుల వెనక కప్పులు, వాటి మీద ఆరేసిన బట్టలు, పొగగొట్టాలు, ఆకాశం వంగిన చోటుదాకా ఇళ్ళే. తాను పనిచేసే హోటలు అగ్గిపెట్టంత కనిపించింది. రోజూ దుప్పట్లు మోసీ మోసీ చేతులు పడిపోయే ఆ పెద్ద భవనం. చెప్తూ చెప్తూ ఎప్పుడు వణుకు ఆగిందో ఆమెకే తెలియలేదు. ఆమె చెప్పిన ప్రతిదాని వైపూ ఆయన మెల్లగా తల తిప్పి, మిగిలిన ఆ కాస్త చూపు నడుమకు తెచ్చుకుని పట్టుకున్నారు. వెనకవాళ్ళూ ఆగి కడ్డీకి ఆనుకున్నారు. ఒకాయన నీళ్ళట్యాంకు పక్కన మా ఇల్లు అని చూపించాడు. ఇంకొకామె తన బడిని వెతుక్కుంది.

"ఇదంతా ఒక్క ఊరేనా?" అన్నారు మామగారు. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

ఆసుపత్రికి ఆలస్యంగా చేరినా డాక్టరమ్మ చూసింది. పోయిన చూపు తిరిగి రాదనీ, చుక్కల మందు క్రమం తప్పకుండా వేసుకుంటే ఉన్నది నిలబడుతుందనీ చెప్పింది. ఆయన తలాడించారు. తిరుగుదారిలో రెండు బస్సులు మారారు.

ఇల్లు చేరాక కొడుకు ఫోను చేశాడు. డాక్టరు ఏమన్నదని అడిగితే ఆయన నది ఎత్తుకున్నారు. పడవలు, పొగగొట్టాలు, మలుపులు, బడి వెతుక్కున్న ఆమె, ఒకటీ వదల్లేదు. కోడలు చెప్పులు విడిచి, మొహం కడుక్కుని, చుక్కల మందు సీసా తీసుకొచ్చి పక్కన నిలబడింది. ఆయన ఇంకా అవతలి ఒడ్డు చేరలేదు. చివరికి ఫోను తనే అందుకుని, కళ్ళకు ఫరవాలేదట అని భర్తకు చెప్పి, మళ్ళీ ఆయన చేతికిచ్చేసింది.