ఇరవై రొట్టెలు

చివరి రొట్టెను అరలో సర్ది, బిరూతె మళ్లీ లెక్క చూసుకుంది. ఇరవై. అంతకు ఒక్కటి తక్కువ తీసుకున్నా బేకరీ వ్యాను ఈ ఊరికి రానంటుంది. వ్యాను రాకపోతే కొట్టు లేదు. కొట్టు లేకపోతే యాభై నాలుగేళ్ల వయసులో, వాచిన చీలమండలతో ఉన్న మనిషికి పని ఇచ్చేదెవరు?

కిటికీ దగ్గరికి వెళ్లింది. వచ్చింది. మళ్లీ వెళ్లింది. కాలు ఒకచోట నిలవడం లేదు. బయట ఊరంతా ఖాళీ సంచులతో పోలండ్ బస్సు కోసం నిలబడి ఉంది. పాత డబ్బు లీతాస్ పోయి యూరో వచ్చాక ఇక్కడ ధరలు ఎక్కి కూర్చున్నాయి. సరిహద్దు దాటితే పోలండ్ డబ్బు జ్లోతీ విలువ పడిపోయి అన్నీ చవక. వాళ్ల డబ్బు పగ్గం వాళ్ల చేతిలో ఉంది, మనది ఎక్కడో దూరాన ఎవరి చేతిలోనో ఉంది. జనాన్ని తిట్టి ఏం లాభం?

పక్కింటి ఓనా తలుపులోంచి తొంగిచూసింది.

"నీకేం తెమ్మంటావే? సాసేజేనా?"

"గట్టిగా అరవకే తల్లీ! పిండి కూడా తే."

"లిథువేనియా కొట్లో కూర్చుని పోలండ్ పిండి తింటావా? సిగ్గు లేదూ?"

"సిగ్గుతో కడుపు నిండుతుందా? పో, బస్సు పోతుంది."

"నా పందులకి రొట్టెలుంచు మరి!"

మధ్యాహ్నం మూడింటికి ఏడు అమ్ముడయ్యాయి. అన్నీ అమ్ముడైనట్టు కనబడాలని మిగిలిన పదమూడింటి డబ్బు బిరూతె తన పర్సులోంచి తీసి గల్లాలో వేసి, రొట్టెలను గోనెసంచిలో కుక్కింది. నాలుగు నెలలుగా ప్రతి శనివారం ఇదే వరస. దీన్ని దొంగతనం అనాలో దానం అనాలో ఆమెకే తెలియదు.

చీకటి పడుతుండగా యజమాని కెస్తూతిస్ వచ్చాడు. టోపీ తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు, కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"సోమవారం నుంచి తెరవొద్దమ్మా."

"అయ్యో, రొట్టెలన్నీ అమ్ముడవుతున్నాయి కదండీ!"

"ఆ రొట్టెలే నన్ను ముంచాయి. రొట్టె కొనేవాళ్లు ఇవాళ కాకపోతే రేపు మిగతావీ కొంటార్లే అనుకున్నా. నాన్న ఇచ్చిన అడవి ముక్క అమ్మి ఇందులో పోశా. అప్పుడే మూసేసుంటే అడవైనా మిగిలేది." ఖాళీ అర వైపు చూశాడు. "ఎవరమ్మా ఆ రొట్టెలు కొన్న పుణ్యాత్ములు?"

బిరూతెకు అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"నేనేనండీ."

"అన్నీ నువ్వే తిన్నావా?"

"ఓనా వాళ్ల పందులు తిన్నాయి."

ఆమెకు ఏడుపు ఆగలేదు. కెస్తూతిస్ గోనెసంచి వైపు చూసి నవ్వబోయాడు, చేతకాలేదు. కొట్టు మూసెయ్యమని తాళంచెవి ఆమె చేతిలో పెట్టి బయటికి నడిచాడు. బట్టతల మీద మంచు పడుతున్నా వెనక్కి రాలేదు. ఆయన టోపీ గల్లాపెట్టె మీదే ఉండిపోయింది.