డీలియా కుడిచేయి

ఎమ్మెట్ గార్వీ ఆ ఉదయం నలభై మూడో చీటీ చదవడం ముగించి, దానిని ఎడమవైపు దొంతరలో బోర్లించాడు. చీటీలన్నీ అరచేతంతవే. ఒక్కొక్కదానిపై ఏదో ఒక పుస్తకంనుంచో పత్రికనుంచో ఎత్తిరాసిన వాక్యం, అందులో ఒక మాట కింద ఎర్రగీత. అటువంటి వాక్యాలు పోగుచేసి, లోకం ఆ మాటను ఏ అర్థంలో వాడుతున్నదో నిర్ణయించి, ఒక్క వాక్యంలో రాయడం అతని ఉద్యోగం. ఆ నిఘంటు కార్యాలయంలో చేరి ముప్పై నాలుగేళ్లయింది.

గదిలో ఇరవైమంది ఉన్నా కలాల గీకుడు తప్ప మరో చప్పుడు లేదు. అక్కడ మాట్లాడకూడదు. చెప్పవలసినది గులాబీరంగు కాగితంపై రాసి ఎదుటివారి తట్టలో వేయాలి. పక్కబల్ల ఆయన చేతిరాత ఎమ్మెట్‌కు పందొమ్మిదేళ్లుగా తెలుసు; గొంతు మాత్రం ఎదురుపడితే పోల్చుకోలేడు.

మనిషికి తెలియకుండా మనిషిలో జరిగేవాటికి లోకం పెట్టుకున్న పేర్లు ఆ నెల అతని వంతుకు వచ్చాయి. అప్రయత్నం, పరధ్యానం, ఉలికిపాటు పూర్తయ్యాయి. మిగిలినది అసంకల్పితం. నిర్వచనం నాలుగు రోజుల కిందటే రాసిపెట్టాడు: ‘వ్యక్తి ఎరుకతో గాని, ఇచ్ఛతో గాని నిమిత్తం లేకుండా, ఒక ప్రేరణకు శరీరం ఇచ్చే స్పందన.’ ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. అయినా కింద సంతకం చేయలేకపోయాడు.

పదకొండు రోజుల కిందట అతని అక్క డీలియా వంటగదిలో కూలిపోయింది. ఎడమపక్క పడిపోయింది, మాట పోయింది, కళ్లు తెరవడం లేదు. కుడిచేయి ఒక్కటే మిగిలింది. ఎమ్మెట్ రోజూ మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లి ఆ చేతిలో తన చేయి పెట్టేవాడు. వేళ్లు మెల్లగా ముడుచుకుని గట్టిగా పట్టుకునేవి. అక్కకు తాను వచ్చినట్టు తెలుస్తున్నదని అతడు నమ్మాడు. ఆ మాటే డాక్టరుతో అన్నాడు.

“పసిబిడ్డ అరచేతిలో వేలు పెడితే పట్టుకోదూ? అది అసంకల్పితమండీ. దాన్నిబట్టి మనం ఆశలు పెట్టుకోకూడదు,” అన్నాడు డాక్టరు.

ఇన్నాళ్లూ తన చేయి పట్టుకున్నది అక్కేనా, లేక అక్క లేని చేయా? సంతకం అక్కడ ఆగింది.

తండ్రి పోయేనాటికి ఎమ్మెట్‌కు తొమ్మిదేళ్లు, డీలియాకు పద్నాలుగు. ఆ వారమే ఆమె నది ఒడ్డున ఉన్న కాగితం మిల్లులో చేరింది. కాగితాల కట్ట మూలను బొటనవేలితో ఎత్తి, విసనకర్రలా విప్పి, నాలుగేసి చొప్పున లెక్కించడం ఆమె పని. మరకపడ్డ కాగితాన్ని కంటికంటే ముందు ఆమె వేళ్లు పట్టేవి. నలభైరెండేళ్లు అలా నిలబడే పనిచేసింది. తమ్ముణ్ణి విశ్వవిద్యాలయంలో చదివించింది ఆ వేళ్లే. అతనికి ఈ ఉద్యోగం వచ్చిననాడు బంగాళాదుంపల తొక్క తీస్తూ, “అందరికీ తెలిసిన మాటలకి అర్థాలు రాస్తే జీతమిస్తారా? బయటెక్కడా అనకురోయ్, తెలిస్తే మాన్పించేస్తారు,” అంది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. మేడమీది మూడు గదుల్లో, ఆరుగంటలకు భోజనం, ఎనిమిదికి రేడియో. చెప్పుకోదగినది ఏమీ జరగలేదు.

పన్నెండుంబావుకు అతడు వార్డులో అడుగుపెట్టాడు. నర్సు మిసెస్ థీబో దుప్పటి సర్దుతున్నది.

“వచ్చారా గార్వీ గారూ. మిమ్మల్ని చూసే మా గోడగడియారం సరిచేస్తున్నాం,” అంది. తర్వాత మంచంవైపు వంగి, “ఇదిగో డీలియమ్మా, మీ పండితుడు వచ్చాడు. నేనైతే ఇలాంటి తమ్ముణ్ణి అమ్మేసి కుక్కని కొనుక్కుందును. అదైనా రెండు ముక్కలు అరుస్తుంది,” అంటూ పక్కమంచానికి వెళ్లింది.

ఎమ్మెట్ కుర్చీలో కూర్చుని చేయి చాచాడు. చాచి ఆగిపోయాడు. ఆధారం లేనిదే ఏ అర్థాన్నీ ఒప్పుకోవడం అతనికి అలవాటు లేదు. చొక్కాజేబులోని పెన్సిలు తీసి డీలియా అరచేతిలో పెట్టాడు.

వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. తన చేతిని ఎలా పట్టుకునేవో, పెన్సిలునూ అలాగే, అంతే గట్టిగా పట్టుకున్నాయి.

కొంతసేపటికి ఒక్కొక్క వేలే విడదీసి పెన్సిలు తీసుకున్నాడు. తాను చేసినదానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లేచి టోపీ పెట్టుకున్నాడు.

“ఇవాళ చెయ్యి పట్టుకోలేదేం?” అంది నర్సు.

“ఆలస్యమవుతుందండీ.”

“ఇంకా ఇరవై నిమిషాలుంది.”

అతడు తలుపువైపు నడిచాడు.

ఒంటిగంటకు ముందే బల్లదగ్గర కూర్చుని నిర్వచనం కింద సంతకం చేసి పంపాడు. రెండున్నరకు ప్రధాన సంపాదకుడు క్రోవెల్ నుంచి గులాబీ కాగితం వచ్చింది: ‘ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరు.’ ఆయన మెచ్చుకోవడం పదేళ్లలో అది రెండోసారి. ఎమ్మెట్ దానిని చదివి సొరుగులో పెట్టాడు.

నాలుగు కావస్తుండగా కిందినుంచి టెలిఫోను చూసే ఆవిడ మెట్లెక్కి వచ్చింది. గులాబీ కాగితం తేలేదు.

“గార్వీ గారూ, ఆసుపత్రినుంచి,” అని పైకే అంది. ఇరవై తలలు లేచాయి. “మీ అక్కగారు పోయారటండీ.”

పక్కబల్ల ఆయన లేచి నిలబడి, “అయ్యో,” అన్నాడు. సన్నని గొంతు.

వార్డులో మంచంచుట్టూ తెర లాగి ఉంది. మిసెస్ థీబో ఈసారి హాస్యమాడలేదు.

“మీరు వెళ్లాక ఆ చెయ్యి ఊరుకోలేదండీ. దుప్పటంతా తడుముకుంటూనే ఉంది. చూడలేక కాగితపు రుమాళ్ల కట్ట విప్పి, పళ్లెంలో పోసి, చేతికింద పెట్టాను. గంటసేపు ఏదో సర్దుకుంది. ఆ తర్వాత చూస్తే లేదు.”

“దేనికోసం తడుముకుందంటారు?”

“నాకేం తెలుసండీ. మీరు చదువుకున్నవారు.”

ఆమె తెర వేసి వెళ్లిపోయింది. ఎమ్మెట్ కుర్చీ దగ్గరగా జరుపుకుని అక్క కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అది ముడుచుకోలేదు. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత పళ్లెంలో అక్క చేయి సర్దిన దొంతర చూశాడు. మిల్లులో ప్రతి వంద కాగితాలకు ఒకదానిని పక్కకు జరిపి గుర్తుగా వదిలేవారు. పైనుంచి ఆ గుర్తువరకు లెక్కపెడితే తెలిసిపోతుంది: సరిగ్గా వంద ఉంటే ఆ గంటసేపూ అక్క అక్కడ ఉన్నట్టు, లేకుంటే ఉన్నవి వేళ్లే. అతని బొటనవేలు దొంతర మూలదాకా వెళ్లింది. అక్కడే ఆగి వెనక్కి వచ్చింది.

టోపీ తీసుకుని, తెర తొలగించుకుని బయటికి నడిచాడు. పళ్లెంలో, నాలుగంచులూ కత్తితో కోసినట్టు కలిసిన తెల్లని దొంతర మధ్యనుంచి ఒకే ఒక్క రుమాలు వేలెడంత బయటికి నిలిచి ఉంది.