కనబడినంతే

ఉల్లిపాయను రెండు చెక్కలుగా కోసి, ఒక చెక్కను బల్ల మీద బోర్లించబోతూ ఆమె ఆగిపోయింది. పెళ్ళైన పదిహేడేళ్ళుగా రోజూ కోస్తున్న ఉల్లిపాయే. అయినా లోపల ఇలా ఉంటుందని ఆవేళే చూసినట్టనిపించింది. పొర మీద పొర, ఏ పొరా ఇంకో పొరలా లేదు. మధ్యలో రెండు లేత మొలకలు అలిగిన అక్కచెల్లెళ్ళలా చెరో వైపు తిరిగి ఉన్నాయి.

“ఏంటలా చూస్తున్నావ్? ఉల్లిపాయలో సినిమా ఏమైనా ఆడుతోందా?” అన్నాడు భర్త, ఖాళీ కాఫీ కప్పు ఆమె చేతికిస్తూ.

కప్పు కడిగేసి, కూతురి పాత పరీక్ష కాగితం వెనక ఆ ఉల్లి చెక్కను గీసింది. దారపుండలా వచ్చింది. చింపేయబోయి, ఏమనిపించిందో, సిగ్గు చంపుకుని కింది వాటాలో ఉండే రిటైరైన డ్రాయింగు టీచరమ్మకి తీసుకెళ్ళి చూపించింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

“ఉల్లిపాయ ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా అమ్మాయ్, ఆ తెలిసిందాన్ని గీసేశావు. ఎదురుగా ఉన్నదాన్ని చూళ్ళేదు. తెలిసింది పక్కన పెట్టు. కనబడినంతే గీయి. రోజుకి ఇరవై నిమిషాలు. రబ్బరు ముట్టుకోకు, కాగితం చింపకు. ఎంత దరిద్రంగా వచ్చినా కింద తారీకు వెయ్యి.”

“ఎన్నాళ్ళండీ?”

“ముందు ఒక ఏడాది గీసుకు రా. ఎన్నాళ్ళో అప్పుడు చెప్తా.”

ఇరవై నిమిషాలంటే ఎంతని! కానీ ఆ ఇంట్లో ఆ ఇరవై నిమిషాలు వెతికి పట్టుకోవడానికే ఆమెకి నెల పట్టింది. “గీసుకో, ఎవరొద్దన్నారు? పనయ్యాక గీసుకో,” అన్నాడు భర్త ఉదారంగా. పనయ్యాక అనే వేళ ఆ ఇంటి గడియారంలో లేదు. “పిల్ల బొమ్మలేసుకునే వయసులో తల్లి వేస్తోంది,” అని అత్తగారు ఫోన్లో ఆడపడుచుకి చెప్పి నవ్వింది. చివరికి పొద్దున్నే కుక్కరు పొయ్యి మీద పెట్టాక, భర్త స్నానానికి లేచేలోగా ఉన్న సందులో పుస్తకం తెరిచింది. గ్లాసు గీసింది. గ్లాసు మూతి గుండ్రంగా ఉంటుందని తెలుసు కాబట్టి గుండ్రంగానే వచ్చేది, అడుగేమో బల్లలోకి దిగబడిపోయేది. నలభై మూడు రోజులు ఆ ఒక్క గ్లాసే గీసింది. నలభై నాలుగో రోజున మూతి చదునుగా పడుకుంది, అడుగు బల్ల మీద నిలబడింది, గ్లాసులో చెయ్యి పెట్టొచ్చనిపించింది. ఆమెకి కేక వెయ్యాలనిపించింది. ఇంతలో బాత్రూంలోంచి “టవలు!” అని మరో కేక వినబడింది. టవలు అందించడానికి వెళ్తూ కూడా నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత లోకమంతా ఆమె మీదికి విరుచుకుపడింది. బస్సులో ముందు సీట్ల వాళ్ళ చెవులు! ఇన్నేళ్ళు ఇన్ని చెవుల వెనక కూర్చుని ప్రయాణం చేసిందా తను? ఒకటి చిన్న ఎండు ఆకులా ముడుచుకుని, ఒకటి కప్పు పిడిలా బయటికి వచ్చి, ఒకటి ఎండ తగిలి ఎర్రగా వెలుగుతూ. తలుపుకి తగిలించిన చొక్కా మడతలు, కప్పుకీ దాని పిడికీ మధ్యనున్న ఖాళీ, నీడలో ఉండే నీలం. అన్నీ ఎప్పట్నుంచో అక్కడే ఉన్నాయి, ఆమె కళ్ళే ఇప్పుడు తెరుచుకున్నాయి. దిగాల్సిన స్టాపు రెండుసార్లు దాటిపోయింది. ఏడాది తర్వాత పుస్తకాలు పట్టుకుని కిందికి వెళ్తే టీచరమ్మ ఒక్కో పేజీ తిప్పి, “ఇప్పుడు మొదలైంది,” అంది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆమె జన్మలో వినలేదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. పదకొండు పుస్తకాలు నిండాయి.

ఆమె ఉద్యోగం విత్తన పరీక్షా కేంద్రంలో. మైక్రోస్కోపు కింద మంచి గింజల్లోంచి కలుపు గింజల్ని ఏరడం పని. దాంతోపాటు ఎవరూ రాసివ్వని పని ఇంకోటి ఉంది. “మేడమ్, మీటింగులో ఆరుగురున్నాం, కాస్త టీ,” అంటాడు ఆఫీసరు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఆమె తర్వాత చేరినవాళ్ళే. ఒకరోజు అచ్చం ఒకేలా ఉండే రెండు కలుపు గింజల దగ్గర అందరూ తలలు పట్టుకున్నారు. ఫొటోల్లో తేడా తేలడం లేదు. ఆమె రెండు గింజల్నీ పావుగంట చూసి, తేడా ఎక్కడుందో పెద్దవి చేసి గీసింది. ఒకదాని వీపు మీద గాడి చివరి దాకా వెళ్తుంది, రెండోదానిది సగంలో ఆగిపోతుంది. ఆ బొమ్మ మర్నాడు ఆఫీసరు రిపోర్టులోకి ఎక్కింది. కింద ఆయన పేరుంది.

ఆ రిపోర్టు పట్టుకునే పెద్ద పరిశోధనశాల నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చింది. టీ ట్రే అందిస్తున్న చేతిని పట్టుకుని ఆగింది ఆవిడ. “చిటికెన వేలి పక్కన పెన్సిలు నలుపుంది. గీసింది మీరే కదూ?”

ఆఫీసరు ఫైలు తిరగేశాడు.

“నేనేనండీ,” అంది ఆమె.

“రెండు వందల గింజలతో పుస్తకం వేస్తున్నాం. ఆరు వారాలు మా దగ్గరికొచ్చి గీయాలి. సోమవారానికల్లా రాగలరా? పుస్తకం మీద మీ పేరుంటుంది.”

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “ఆరు వారాలా? మరి ఇల్లెవరు చూస్తారు?” కోపంగా కూడా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. “గింజలకి ఫొటోలు తీసుకోవచ్చుగా?”

“అసలు ఏం గీస్తుందని పిలుస్తున్నారో చూడనీరా,” అని అత్తగారు ఆ పదకొండు పుస్తకాలూ తెప్పించుకుంది. మనవరాలు పక్కన చేరింది. బొమ్మలు చూస్తూ అత్తగారు నవ్వింది. పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోతున్న కొడుకు. సోఫాలో కాళ్ళు మడుచుకుని ఫోను చూస్తున్న మనవరాలు. టీవీ ముందు కునుకుతున్న తను. తన చేతుల బొమ్మ దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. “ఈ వేలు వంకర కూడా వదల్లేదే నువ్వు,” అంది, ఆ వేలినే నిమురుకుంటూ. మళ్ళీ మొదటికొచ్చి పేజీలన్నీ తిప్పింది. ఆవిడ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

“ఏమ్మాయ్, నాలుగేళ్ళ బొమ్మల్లోనూ మేమంతా కూర్చునో పడుకునో ఉన్నామేంటి?”

ఆమె కూడా అప్పుడే చూసింది. కావాలని చేసింది కాదు. కదలకుండా దొరికినవాళ్ళని గీసింది, కనబడినంతే గీసింది. పుస్తకం అందుకుని తిప్పుతుంటే ఒళ్ళు జలదరించింది. బాధతో కాదు. మూతీ అడుగూ కుదిరి గ్లాసు నిలబడ్డ రోజున కలిగిన సంబరమే అది, అంతకంతా పెరిగి. చూడ్డం వచ్చింది తనకి! ఇక ఏది ఎలా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

“సోమవారం బయల్దేరుతున్నాను,” అంది. అడగలేదు, చెప్పింది.

ఆదివారం పొద్దున భర్త గొణుగుతూనే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఆమె కుర్చీ లాక్కుని వంటగది గుమ్మంలో కూర్చుని, పన్నెండో పుస్తకం తెరిచింది.

“పాలు పొంగేట్టున్నాయి, వచ్చి చూడొచ్చుగా?” అన్నాడు.

“చూస్తూనే ఉన్నానండీ,” అంది ఆమె, పెన్సిలు ఎత్తకుండా. “మంట తగ్గించి, కాస్త ఇటు తిరగండి. నిలబడి పని చేసే మనిషిని గీయడం నాకిదే మొదలు.”