జోడీ హాజర్

మిరపకాయల కుప్ప మీదే ఒరిగిపోయింది కాశీబాయి. తొడిమలు తీస్తూ రెండు రోజులుగా దగ్గుతూనే ఉంది. ఆ పొద్దు ఊపిరే అందలేదు. గాలి తగిలితే కాయ రంగు పోతుందని ధర్మాబాద్ గోదాములో కిటికీలు మూసే ఉంచుతారు. మనుషుల ఊపిరి ఎవరికి పట్టింది! సుందరబాయి తన తమ్ముడి భార్య తలను ఒళ్లో పెట్టుకుని కేక వేసింది.

"ఇంకా పానమున్నది. దవాఖానకు బండి ఇయ్యుండ్రి!"

కూలీలను పెట్టుకునే ముకద్దం వెంకట్రావ్ గుమ్మం దాటలేదు. "నా హజేరీ పుస్తకంల కాశీబాయి అన్న పేరే లేదు. నా కూలోడు నర్సన్న. ఆమె ఆయన పెండ్లాం, ఆయనెంట అచ్చింది. బండి నేనెందుకియ్యాలె?"

పేరు లేని మాట నిజమే. అక్కడి రివాజు అది. పొద్దున్నే గేటు దగ్గర మొగుడి పేరొక్కటే పిలుస్తారు. అతను "జోడీ హాజర్" అంటే ఇద్దరూ వచ్చినట్టు. బస్తాలు మోసేది మగవాళ్లు, తొడిమలు తీసేది ఆడవాళ్లు, పేరు మాత్రం ఒక్కరిదే. పదేళ్లుగా సుందరబాయి కూడా నోరు మూసుకునే లోపలికి నడిచింది. ఇప్పుడది తలుచుకుంటే ఆమెకు కడుపు మండిపోయింది.

ఆటో దొరికేసరికి ఆలస్యమైంది. దారిలోనే కాశీబాయి ప్రాణం పోయింది.

మూడో రోజు వాళ్ల ఊరు బాబ్లీలో గోదాము ఆడవాళ్లంతా నర్సన్న వాకిట్లో కూడారు. నాందేడ్‌లో చదివే సుందరబాయి కూతురు ప్రజ్ఞ తల వంచుకుని చెప్పింది.

"అవ్వా, ముకద్దం అన్న మాటే మా పుస్తకంల గూడ ఉన్నది. సమాజం మనిషి పెయ్యి అసొంటిదట. మొగోళ్లది బయటి పని, ఆడోళ్లది ఇంటి పని. ఎవరి పని వాళ్లు చేస్తెనే పెయ్యి నిలుస్తదట. నేను గదే రాసి పాసైన."

సుందరబాయి కూతురి గడ్డం పట్టుకుని తల ఎత్తింది.

"చెయ్యి తెగితే గా పెయ్యి ఏమంటది బిడ్డా? గిది ఎవరి చెయ్యో నాకెర్క లేదంటదా?"

వాళ్లతో తొడిమలు తీసే లీలాబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "రేపటి సంది మా పేర్లు పిలిస్తెనే లోపలికి పోతం" అంది ఏడుస్తూనే.

"పని పోతే?" అన్నాడు ఆమె మొగుడు శివరాం.

"పానమే పాయె, ఇంక పనిదేముందిరా!" అంది సుందరబాయి.

మర్నాడు గేటు దగ్గర వెంకట్రావ్ పిలిచాడు. "నర్సన్న!"

"జోడీ హాజర్" అనేశాడు నర్సన్న, అలవాటు కొద్దీ.

అని పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు. అంత మనిషీ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "గిన్నేండ్లు దాని పేరు నేనే మింగిన అక్కా!"

తమ్ముడి తల నిమిరి సుందరబాయి గేటుకు అడ్డంగా కూర్చుంది. ఆమె వెనక నలభై మంది ఆడవాళ్లు కూర్చున్నారు. లారీలు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి పోలీసు బండి వచ్చింది.

"పేరు? మొగుని పేరు?" అంది ఆడ కానిస్టేబులు.

"సుందరబాయి. గదొక్కటే రాయుండ్రి."

ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి బండెక్కారు. వాళ్ల పేర్లు మొట్టమొదట అడిగి రాసుకున్నది పోలీసులే. ఎంత సిగ్గుచేటు!

మర్నాడు ప్రజ్ఞ ఠాణాకు అన్నం తెచ్చింది. దాని కళ్లు వాచి ఉన్నాయి.

"పొద్దుగాల్ల ముకద్దం నర్సన్న మామను రెండుసార్లు పిలిచిండు అవ్వా. 'ముందుగాల కాశీబాయిని పిలువు' అన్నడు మామ. ఎనకనుంచి శివరాం కాక గూడ గదే అన్నడు. మొగోళ్లందరు గేటు బయటనే కూసున్నరు."

సుందరబాయి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మరదలి కోసం మొదటిసారి గట్టిగా ఏడ్చింది.