చెవి అందిననాడు

నా మొగుడు శివరాజ్ కేసు వేశాడని తెలిసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. బీదర్ నుంచి ఇంకొకతెను తెచ్చుకుని నన్ను వెళ్లగొట్టినప్పుడు ఆ మహానుభావుడికి కూతురు గుర్తుకు రాలేదు. ఇప్పుడేమో నీలకు ఐదేళ్లు నిండాయి, ఇక పిల్ల తండ్రి దగ్గరే ఉండాలట! ఐదేళ్ల లోపు పిల్లలను తల్లి దగ్గర ఉంచాలని చట్టంలో ఉందని మా వకీలు చెప్పాడు.

నిజానికి నీలకు నాలుగున్నరే. నేను కోహీర్ వైపు అల్లం చేలల్లో కలుపుకు పోతే పిల్లను ఎవరు చూస్తారు? అందుకే ముందుగానే జహీరాబాద్ బడిలో వేశాను. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకుంటే ఐదు నిండినట్టు లెక్క. నీలకు అందలేదు. పంతులు అటు తిరగగానే దాని తల కొంచెం వంచాను. అందింది, ఐదని రాసుకున్నారు. తప్పేముంది? మా వాడలో సగం మంది అట్లా బడికి పోయినవాళ్లే.

జిల్లా కోర్టులో శివరాజ్ వకీలు బడి రికార్డు చూపించి గొంతు పెంచాడు. "ఐదు దాటింది సార్. తండ్రికి అప్పగించాలి."

జడ్జిగారు నావైపు చూశారు. "నిజమేనా అమ్మా?"

"రాయించింది నేనే సార్. తల వంచి చెవి అందించిన. కావాలంటే మీరే చూడుండ్రి."

నీలను ముందుకు పిలిచి చెవి పట్టుకోమన్నాను. ఎంత సాగదీసినా వేళ్లు జుట్టులోనే ఆగిపోయాయి. నన్ను చూసి అలవాటుగా తల వంచబోయింది.

"వంచకే!" అని అరిచాను. కోర్టంతా నవ్వింది.

శివరాజ్ వకీలు మాత్రం నవ్వలేదు. "చెవులు సాక్ష్యం కావు సార్. ఈమె మాటే నిజమనుకున్నా, ఇంకో ఆర్నెల్లకు ఐదు నిండవా?"

నాకు తిక్క రేగింది.

"నిండుతయ్ సార్! చెయ్యి గూడ అందుతది. అందిన తెల్లారి నుంచి పిల్లకు తల్లి అక్కర్లేదా? జ్వరమొస్తే చెవి పట్టుకొని పండుకుంటదా? పిల్ల దేనికి భయపడ్తదో జర ఆయన్ను అడుగుండ్రి!"

బంట్రోతు కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

జడ్జిగారు శివరాజ్‌ను అదే అడిగారు. అతను తన వకీలు ముఖం చూశాడు. చివరికి, "ఇంట్ల ఆడమనిషి ఉన్నది సార్, ఆమె చూస్కుంటది," అన్నాడు.

వయసు ఒక్కటే చూసి పిల్లను ఇవ్వలేమనీ, పిల్ల మేలే ముఖ్యమనీ జడ్జిగారు తీర్పు చెప్పారు. నీల నా దగ్గరే ఉంటుంది. తండ్రి ఆదివారాలు వచ్చి చూసిపోవచ్చు.

తిరుగు బస్సులో నీల మళ్లీ చెయ్యి తల మీదుగా తిప్పింది. కేసు మొదలైనప్పటి నుంచి అది చెయ్యెత్తితే చాలు, అందుతుందేమోనని పట్టుకుని కిందికి లాగేదాన్ని. ఇప్పుడూ నా చెయ్యి లేచింది. ఆపుకున్నాను.

"సాగదియ్యి బిడ్డా, ఇంకా సాగదియ్యి! అందనియ్, మనకెవని భయం?"

నా గొంతుకు ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ!